ఎదురింటి మేడ మీది యాంటెన్నా

నేను అద్దెకున్న ఇంటావిడ మొదట నన్ను అనుమానించింది, తర్వాత యాంటెన్నాను. యాంటెన్నా వచ్చాకే నాకు కాస్త ఊపిరాడింది.

తార్నాకలో ఆ ఇంటి మేడ మీది ఒంటి గదిలో నేను అద్దెకు దిగిన రోజు నుంచి ఆవిడ కన్ను నా మీదే ఉండేది. బ్యాచిలర్ అంటే ఒక అనుమానం. యూనివర్సిటీలో ఎం.టెక్. అంటే ఇంకొకటి, ఇంత వయసొచ్చి ఇంకా చదువేమిటని. నీళ్ళ మోటారు ఎక్కువసేపు ఆడితే నేను రెండు పూటలా స్నానం చేస్తున్నానని అనుమానం, ఆడకపోతే అసలు చేయడమే లేదని. ఆవిడది కర్నూలు వైపు. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరయింది. ఏ ఫైలు ముందుకొచ్చినా అందులో ఏదో దాచారన్న చూపుతోనే సర్వీసంతా గడిపింది. రిటైరయ్యాక కుర్చీ ఆఫీసులో వదిలేసి, ఆ చూపును మాత్రం ఇంటికి తెచ్చుకుంది.

ఒక సాయంత్రం క్యాంపస్ నుంచి వచ్చేసరికి ఆవిడ గేటు దగ్గర మొక్కలకు నీళ్ళు పడుతోంది. నన్ను చూసి పైపు ఆపలేదు గానీ మాట మొదలుపెట్టింది.

"ఏం నాయనా, నువ్వు చదివేది యాంటెన్నాల చదువే గదా?"

"అవునాంటీ."

"అయితే అదేందో చెప్పు."

చేతిలో ఉన్న పైపుతోనే చూపించింది. నా చొక్కా తడిసింది గానీ విషయం అర్థమైంది. సందుకు అవతల, ఎదురింటి మేడ మీద నల్లటి నీళ్ళ ట్యాంకు వెనక ఒక ఇనప గొట్టం, దానికి నిలువుగా ఒక పొడుగాటి పెట్టె. పొద్దు దాని వెనకే దిగుతోంది గనక నల్లటి ఆకారమే తప్ప ఇంకేమీ తెలియడం లేదు. కింది సగం ట్యాంకు చాటున ఉంది.

"మొబైల్ కంపెనీ వాళ్ళ యాంటెన్నా ఆంటీ. సెక్టార్ యాంటెన్నా అంటారు."

"మొగం సక్కగా మనింటి దిక్కే పెట్నాడు చూడు. ఊరికే పెట్నాడంటావా?"

ఎదురింటాయనకూ ఈవిడకూ మధ్య మురుగు కాలువ గురించి పాత తగువు ఒకటుంది. వానాకాలంలో వస్తుంది, ఎండాకాలంలో ఎండిపోతుంది. ఇప్పుడు దానికి కొత్త మేత దొరికిందని అనుకున్నాను. యాంటెన్నా ఎటు తిప్పాలో కంపెనీ ఇంజినీర్లు చూసుకుంటారు, ఇంటాయన కాదు, అని చెప్పి మెట్లెక్కబోయాను.

"ఆగు నాయనా. ఇది నవ్వులాట కాదు. దీనెంబడి నా బిడ్డ పురుడు నిలిచిపోయేట్టుండాది."

అప్పుడు ఆగాను.

ఆవిడకు ఒక్కతే కూతురు. అత్తవారిల్లు సీతాఫల్‌మండి. ఇక్కడి నుంచి అక్కడికి ఎంత దూరమంటే, ఆటోవాళ్ళు రామంటారు, అంత దగ్గర. అయినా తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, ఆ మాట దూరాన్ని బట్టి మారేది కాదు. ఏడో నెల నడుస్తోంది. పై అంతస్తులో పడమటి వైపు గదికి ఆవిడ కొత్త రంగు వేయించింది. కిటికీ పక్కన మంచం వేసింది. పుట్టకముందే ఉయ్యాల కొనకూడదు గనక, దాన్ని తగిలించే కొక్కెం మాత్రం పైకప్పుకు బిగించి పెట్టుకుంది. ఆ కొక్కెం వైపు ఆవిడ చూసే చూపులో మాత్రం అనుమానం ఉండేది కాదు.

సీమంతం అయ్యాక వియ్యపురాలు గది చూడ్డానికి వచ్చిందట. వాళ్ళది గోదావరి వైపు. ఎంత కఠినమైన మాటైనా చివర 'అండీ' పెట్టి అంటారు. కిటికీ తెరిచి చూసి, "అదేంటండీ వదినగారూ, పిల్ల పడుకునే మంచానికి ఎదురుగానే పెట్టేశారూ?" అందట. "అది పిల్ల మీద పడుతుందో లేదో తేలాక పంపుతామండీ. ఈలోగా మా ఇల్లేమైనా పరాయిదాండీ?"

ఇది చెబుతున్నప్పుడు మా ఇంటావిడ పైపు ఒకే మొక్క మీద పెట్టి ఉంచింది. ఆ మొక్క ఈత కొడుతోంది.

"ఆయమ్మకు ఇది ఒక సాకు నాయనా. పురుడు తానే పొయ్యాలని మొదట్నించీ ఉండాది. ఇప్పుడు యాంటెన్నా దొరికింది."

"అట్లాంటప్పుడు అది ఏమీ కాదని చెప్పేస్తే సరిపోతుంది కదా?"

"నేను చెప్తే ఇంటాదా? చదువుకున్నోడివి నువ్వు చెప్పల్ల. ఎనిమిదో నెలలో పిలుచుకొచ్చుకోరు, తొమ్మిదిలో అయితే ఆలస్యం. ఎనిమిది పడేలోపు రావల్ల."

నాకు తెలిసిన నిజం అక్కడే చెప్పేశాను. దీని నుంచి వచ్చే శక్తి చాలా తక్కువ, ప్రభుత్వం పెట్టిన పరిమితి ఉంది, ఇళ్ళ దగ్గర దానికి బాగా దిగువనే ఉంటుంది, అని. 'పరిమితికి లోబడి' అన్న మాట విని మనశ్శాంతి పొందిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆవిడా పొందలేదు. పరిమితులకు లోబడి ఏమేం జరుగుతాయో సర్వీసులో చాలా చూసిందట.

"అది కాదు. ఆ వచ్చేది ఎంత వెడల్పు వస్తాది? మన కిటికీ తగుల్తాదా, పక్కనుంచి పోతాదా? అది చెప్పు."

మా చదువులో దాన్నే బీమ్ విడ్త్ అంటారు. బీమ్ విడ్త్ గురించి నన్ను రెండేళ్ళలో ఒక్కరూ అడగలేదు. మా అమ్మ కూడా, నీ చదువు దేని మీదరా అని అడిగి, నేను నోరు తెరిచేలోపు అన్నం పెట్టేది. అలాంటిది తార్నాకలో ఒక గేటు ముందు ఒక మనిషి తనంతట తాను అడిగింది.

"పైపు ఒకసారి ఇటివ్వండి ఆంటీ."

మూతి మీద బొటనవేలు పెట్టి నొక్కాను. ధార సన్నగా అయి దూరంగా ఎదురింటి గోడ దాకా పోయింది. వేలు కాస్త మార్చి పట్టాను. నీళ్ళు విసనకర్రలా పరుచుకుని మా గేటు దగ్గరే పడ్డాయి.

"నీళ్ళు అవే ఆంటీ. సన్నగా పంపితే దూరం పోతాయి, వెడల్పుగా పంపితే దగ్గరే పడతాయి. యాంటెన్నా కూడా అంతే. కొత్తగా శక్తిని పుట్టించదు, ఉన్నదాన్ని ఒక వైపుకు పోగుచేసి పంపుతుంది. ఎంత కోణంలో పంపుతుందో అదే దాని బీమ్ విడ్త్. అడుగుల్లో చెప్పరు, డిగ్రీల్లో చెప్తారు. దూరం పోయే కొద్దీ పరుచుకుంటుంది కాబట్టి."

"అంచు యాడుంటాది?"

"అంచంటూ ఉండదు. నడిమధ్య బాగా తడుస్తుంది, పక్కలకు పోయే కొద్దీ తడి తగ్గుతుంది. నడిమధ్య ఎంత తడో, దాంట్లో సగం తడి ఉన్నచోట అటొక గీత, ఇటొక గీత గీసుకుంటాం. ఆ రెండు గీతల మధ్య కోణాన్ని బీమ్ విడ్త్ అంటాం."

ఆవిడ తడిసిన నేలకేసి చూసింది. ఫైలు చివరి పేజీలో తిరకాసు కనిపెట్టినప్పుడు ఆఫీసులో అలాగే చూసేదేమో.

"సగం తడిసినోళ్ళు తడిసినట్టే గదా నాయనా?"

పుస్తకాల్లో ఈ ప్రశ్నను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. అవును, గీత బయట సున్నా ఉండదు. గీత అనేది మనం లెక్క కోసం పెట్టుకున్నది, యాంటెన్నాకు దాని సంగతి తెలియదు. ఈ మాట ఒప్పుకోగానే కేసు తేలడానికి బదులు ఇంకా ముదిరింది.

మర్నాడు ఆదివారం సాయంత్రం, "నోటితో చెప్తే కాదు, గీసి చూపించు" అని ఆవిడ ముగ్గు డబ్బా పట్టుకుని నా గది ముందుకు వచ్చింది. మేడ మీద అప్పటికే ఒక పాత చీర పరిచి ఉప్పు రాసిన నిమ్మచెక్కలు, ఇంకో చీర మీద ఎండుమిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. వాటి పక్కన ఖాళీ స్థలంలో నేను కొలతలు చెప్పడం, ఆవిడ ముగ్గు వేయడం. తాడు పట్టకుండా అంత తిన్నగా గీత గీసిన చేతిని నేను చూడలేదు. మా డిపార్ట్‌మెంట్‌లో ప్రింటరు కూడా అలా గీయదు.

ఎదురిల్లు ఒక చదరం. మా ఇల్లు ఒక చదరం. మధ్యన సందు. యాంటెన్నా ఎక్కడుందో గుర్తుగా ఎదురింటి చదరంలో ఆవిడ ఒక నిమ్మచెక్క పెట్టింది. నిమ్మచెక్క నుంచి మా ఇంటి వైపు విచ్చుకుంటూ రెండు గీతలు. సగం తడి ఉన్నచోట గుర్తుగా అటూ ఇటూ ఒక్కో ఎండుమిరపకాయ. ఇలాంటి వాటికి అడ్డంగా అరవై అయిదు డిగ్రీల వరకు ఉండడం మామూలు కాబట్టి అంతే వేశాం. పని పూర్తయ్యాక లేచి చూశాం.

మా ఇల్లు మొత్తం గీతల లోపలే ఉంది. ఒక్క మెట్ల గది మూల తప్ప.

"నా బిడ్డను మెట్ల కింద పండబెట్టమంటావా?"

అప్పుడు అసలు అస్త్రం తీశాను. "ఆంటీ, ఇది అడ్డంగా. నిలువుగా ఇది చాలా సన్నం. పొడుగాటి పెట్టె కదా, నిలువు దిక్కున ధారను బాగా నొక్కి పట్టినట్టే. దూరంగా ఉన్న వీధులను చూసేలా పెడతారు. ఎదురుగా కింద ఉన్న కిటికీ మీద నడిమధ్య ధార పడదు. మన పైనుంచి పోతుంది."

"మన నెత్తి మీదుగా పోతాదా?"

"అవును."

"మన నెత్తి మీదుగా పోయేదాన్ని నమ్మమంటావు."

నేను ముగ్గు డబ్బా మూత పెట్టేశాను. ముగ్గు మాత్రం చెరపొద్దంది. వియ్యపురాలికి ఫోటో తీసి పంపాలట.

సోమవారం, సిగ్నల్ కొలిచే మీటరు అడుగుదామని క్యాంపస్‌లో మా గైడ్ దగ్గరికి వెళ్ళాను. గదిలోకి తీసుకెళ్ళి కొలిచేస్తే ఎవరూ నోరెత్తలేరని నా ఆలోచన. ఆయన ఆ సమయంలో నా ప్రాజెక్టు కాగితాలే చూస్తున్నారు. నా యాంటెన్నా బీమ్ విడ్త్ కంప్యూటర్‌లో లెక్క వేస్తే ఎంత వచ్చిందో, డిపార్ట్‌మెంట్ మేడ మీద తిప్పి కొలిస్తే సరిగ్గా అంతే వచ్చింది. నేను మెచ్చుకోలు కోసం కూడా కాస్త ఎదురుచూస్తున్నాను.

"ఇంత బాగా కలిసిందేమిటి?" అన్నారాయన.

"బాగా చేశాను సార్."

"అదే నా అనుమానం. మళ్ళీ కొలువు. ఈసారి నువ్వు పక్కన నిలబడకు, నీ మీద పడి వెనక్కి వచ్చేది కూడా లెక్కలో కలుస్తుంది."

ఆ మధ్యాహ్నమంతా మేడ మీద యాంటెన్నా బిగించిన బల్లను ఒక్కో డిగ్రీ తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ పరిగెత్తి వెళ్ళి నీళ్ళ ట్యాంకు వెనక దాక్కుంటూ మళ్ళీ కొలిచాను. కింద చెట్ల మధ్య ఎక్కడో నెమలి అరుస్తోంది. నన్ను చూసే అరుస్తోందని నా అనుమానం. ఈసారి మూడు డిగ్రీలు తేడా వచ్చింది. సార్ మొహం వెలిగింది. మా రంగంలో తప్పు వస్తేనే మనిషిని నమ్ముతారు.

ఆ సంతోషంలో ఉండగా మీటరు సంగతి కదిపాను. కథంతా విన్నారు.

"దాని మొహం ఎటుంది?"

"మా ఇంటి వైపే సార్."

"చూశావా?"

"రోజూ కనిపిస్తుంది సార్, మేడ మీంచి."

"ఎప్పుడు?"

"సాయంత్రం పూట."

"పడమటి వైపు చూస్తూ, సాయంత్రం పూట." ఆయన మళ్ళీ నా కాగితాలు అందుకున్నారు. మీటరు మాత్రం ఇవ్వలేదు. అది డిపార్ట్‌మెంట్ గేటు దాటాలంటే కావలసిన సంతకాలన్నీ వచ్చేసరికి ఆ పుట్టబోయే పిల్ల బడికి పోతుందని ఆయనకూ తెలుసు. నేను నొచ్చుకున్నాను. పొద్దున చూడకూడదా అంటే, పొద్దున్నే లేచి యాంటెన్నాలు చూసే రకాన్ని కాను నేను.

ఇంటికి వచ్చేసరికి మా గేటు ముందు ఎదురింటాయన నిలబడి ఉన్నాడు. పుట్టి పెరిగింది ఈ సందులోనే. చేతిలో ఫోను, ఫోనులో వాళ్ళ మేడ మీంచి తీసిన ఫోటో. తెల్లటి చదరాలు, గీతలు, ఆయన ఇంటి నడుమ నిమ్మకాయ, రెండు వైపులా మిరపకాయలు.

"ఏందమ్మా ఇది? మా ఇంటి బొమ్మేసి అండ్ల నిమ్మకాయ పెట్టిన్రు?"

"అది ఊరగాయ నిమ్మకాయ" అంది మా ఇంటావిడ.

"ముగ్గేసి, నడుమల నిమ్మకాయ పెట్టి, గీడొకటి గాడొకటి మిరపకాయ పెట్టిన్రు. మీ దిక్కు ఊరగాయ గిట్లనే పెడ్తరా?"

"నువ్వు యాంటెన్నా పెట్టకపోతే నేను ముగ్గెందుకేస్తా?"

"ఇగో, ఒప్పుకున్నది! తమ్మీ, నువ్వు సాక్షి. పొద్దుగాల నుంచి నా నడుము పట్టేసింది. ఇప్పుడు సమజైంది ఎందుకో."

"మీ నడుము పట్టేసింది నేల మీద పడుకున్నందుకేమో అంకుల్" అన్నాను, ఊరికే, నోటికొచ్చి.

ఆయన నన్ను అదోలా చూశాడు. "నేను కింద పండుకుంటున్నట్టు నీకెవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. కానీ అడిగాక దాచలేకపోయాడు. యాంటెన్నా పెట్టిన దగ్గర్నుంచి పై గదిలో మంచం వదిలేసి కింద హాల్లో చాప మీద పడుకుంటున్నాడట. "నెత్తి మీద అంత పెద్దది పెట్టుకొని ఎట్ల నిద్ర పడ్తది చెప్పు? వాళ్ళొచ్చి ఏం గాదన్నరు. ఏం గాదంటేనే పరేషాన్ అయితది."

మా ఇంటావిడ మొహం ఒక్కసారి మెత్తబడింది. శత్రువు కూడా తనలాగే నిద్రపోవడం లేదని తెలిస్తే మనిషికి కలిగే సానుభూతి అది. నేను సందు చూసుకుని ఆయనను మా మేడ మీదికి తీసుకెళ్ళి ముగ్గు చూపించి, పైపు కథ, సగం తడి కథ మళ్ళీ చెప్పాను. యాంటెన్నా ధార ముందుకు పోతుంది, కింద ఉన్నవాళ్ళ మీదికి చాలా తక్కువ వస్తుంది, మీరు హాయిగా పైన పడుకోవచ్చు, అన్నాను. ఆయన ఆనందపడలేదు.

"అంటే పెట్టుకున్నోనికి రాదు, ఎదురింటోల్లకు వస్తదా?"

"నేను మొదట్నించీ చెప్తాండేది అదే గదా!" అంది మా ఇంటావిడ.

ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు, నన్ను ముద్దాయిని చేసి. ఎదురింటాయన నా భుజం మీద చెయ్యేశాడు. "గీడ ముగ్గుల ఏం కనవడ్తది తమ్మీ? నడువ్, మా మేడెక్కి దగ్గరకెల్లి జూడు. నువ్వు సదువుకుంటున్నది గదే గదా."

"పోయేటప్పుడు పిట్టగోడ పక్కన నిలబడొద్దు నాయనా" అంది ఆవిడ నా చెవిలో. సానుభూతి అప్పటికే ఆరిపోయింది.

వాళ్ళ మేడ ఎక్కి నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాను. నా జీవితంలో ఒక సెక్టార్ యాంటెన్నా పక్కన నిలబడడం అదే మొదటిసారి. డిపార్ట్‌మెంట్ మేడ మీద నేను కొలిచింది అరచేయంత ముక్క, ఇంత పెద్దవాటితో రెండేళ్ళుగా ఉన్నది తెర మీదే. తెర మీద యాంటెన్నా గాల్లో తేలుతుంది. దానికి గొట్టం ఉండదు, బిగించే పట్టీలుండవు, నట్లుండవు, తుప్పు పట్టదు. ఇక్కడ అన్నీ ఉన్నాయి. ట్యాంకు చాటున ఇన్నాళ్ళూ కనపడని పట్టీలు, వాటిలో బిగించిన ఇనప గొట్టం, అన్నీ మా ఇంటి వైపు ఉన్నాయి. నున్నటి తెల్లటి ముఖం అటువైపు, పడమటికి ఉంది.

ఇన్నాళ్ళూ మేం చూసింది దాని వీపు. ఒక వస్తువు మనకు కనిపిస్తోందంటే అది మనవైపే చూస్తోందనుకోవడం మా ఇంటావిడకు తగును. యాంటెన్నాల మీద ఎం.టెక్. చేసేవాడికి తగదు. దానికి అరవై అయిదు డిగ్రీల గీతలు కూడా గీయించాను.

సందుకు అవతల మా మేడ మీంచి ఆవిడ కేకేసింది. "ఏం నాయనా, మొగం యాడుండాది?"

"ఆంటీ, ఇది వీపు!"

"ఏందీ?"

"మీకు కనిపించేది వీపు ఆంటీ! మొహం అటుంది!"

సందులో మూడు కిటికీలు తెరుచుకున్నాయి. పెసరట్లు వేస్తున్న ఒకావిడ అట్లకాడతో బాల్కనీలోకి వచ్చింది. ఎదురింటాయన గట్టిగా నవ్వి, నడుము పట్టుకుని ఆపేశాడు. వెనక్కి కూడా కొంచెం పోతుంది, కానీ ముందుకు పోయేదాంట్లో అది ఏ మూలకూ రాదు, అని నేను అరిచి చెప్పాను. అది ఎవరూ వినలేదు. మా ఇంటావిడ పిట్టగోడ పట్టుకుని, కదలకుండా, యాంటెన్నాను దాటి పడమటికి చూస్తోంది.

"అయితే మొగం ఎదురుగా ఏముండాది నాయనా?"

చూశాను. ఇళ్ళు, నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు, వాటి వెనక రైలు పట్టాలున్న వైపు, ఇంకా అవతల.

"సీతాఫల్‌మండి" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

నేను కిందికి దిగి వచ్చేసరికి ఆవిడ ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "నీ కంప్యూటర్ తెచ్చుకో. మ్యాపు తెరువు. ముగ్గులో వేసినట్టే వెయ్యి." వేశాను. యాంటెన్నా దగ్గర నుంచి పడమటికి రెండు గీతలు విచ్చుకుంటూ పోయాయి. వియ్యపురాలి ఇల్లు ఉత్తరం వైపు గీతకు ఇవతల, అంచున పడింది. లోపలే.

"ఆంటీ, అంత దూరం పోయేసరికి ఇది పైపు నీళ్ళు ఆవిరయినట్టే. వాళ్ళకు దీనికంటే దగ్గర్లో ఇంకో నాలుగు యాంటెన్నాలు ఉండి ఉంటాయి. ఇది వాళ్ళకూ ఏం కాదు, మనకూ ఏం కాదు."

"నేను ఏమన్నా అన్నానా?" అంది ఆవిడ, ఫోను తీస్తూ.

ఆవిడ మాట్లాడిన తీరు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒక్క అబద్ధం లేదు. "వదినా, మీరు అడిగినారు గదా, తేల్చినాము. యూనివర్సిటీలో యాంటెన్నాల చదువు చదివే పిల్లోడు పైకెక్కి చూసినాడు. దాని మొగం మా దిక్కు లేదు. మాకు వీపు... అవును, వీపే... మొగమా? మొగం మీ దిక్కు ఉండాది వదినా." తర్వాత కాసేపు అవతలి మాట వింది. "పిల్లోడు ఈడే ఉండాడు, అడగండి" అని ఫోను నా చేతికిచ్చింది.

"బాబూ," అంది వియ్యపురాలు, ఎంతో మర్యాదగా, "ఆవిడ మాట నేను నమ్మలేనండీ. ఏమీ అనుకోకు. మా ఇల్లు ఆ గీతల లోపలా, బయటా? అదొక్కటీ చెప్పు నాయనా."

నేను అబద్ధం చెప్పవచ్చు. బయటండీ అంటే ఆవిడ శాంతిస్తుంది, కోడలిని పంపదు. లోపలండీ అంటే ఆవిడ నిద్రపోదు, కోడలిని పంపుతుంది. ముందు గదిలో మా ఇంటావిడ పైకప్పు వైపు చూస్తోంది. అక్కడ కొక్కెం లేదు, అది పై గదిలో ఉంది. అయినా అటే చూస్తోంది.

"లోపలేనండీ. కానీ..."

ఆ 'కానీ' తర్వాత చెప్పవలసింది చాలా ఉంది. దూరం, తగ్గుదల, పరిమితి, ఆ గీతలకు అర్థమేమిటో, అర్థం కానిదేమిటో. అంతా చెప్పాలనే ఉంది. మా ఇంటావిడ ఫోను నా చెవి దగ్గర్నుంచి తీసేసుకుంది. ఏ వాక్యం ఎక్కడ ఆపితే ఫైలు ముందుకు కదులుతుందో ఆవిడకు సర్వీసంతా అనుభవం.

"ఇన్నారు గదా వదినా. పిల్లకు వేడినీళ్ళు, పథ్యం అన్నీ నేను చూసుకుంటా. మంచి రోజు చూసి పంపండి."

నేను రాత్రికి మళ్ళీ ఒకసారి చెప్పి చూశాను. మెసేజ్ పెట్టండి ఆంటీ, భయపడొద్దని, దూరం ఎక్కువని. "ఎల్లుండి పెడ్తాలే" అంది. ఎల్లుండి ఎందుకని అడిగితే, మంచి రోజు ఎల్లుండేనంది.

ఎల్లుండి పొద్దున కారు వచ్చింది. ముందు కూతురు దిగింది, ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి డోరు మీద. మా ఇంటావిడ గేటు దగ్గరే దిష్టి తీసి, కూతురి మొహం రెండు చేతులతో పట్టుకుని చూస్తూ నిలబడింది. ఆవిడ ఏ అనుమానమూ లేకుండా మనిషిని చూడడం నేను మొదటిసారి చూశాను. నేను సంచులు దించడానికి డిక్కీ దగ్గరికి వెళ్ళాను. ఒక సంచి, రెండో సంచి, ఒక సూట్‌కేసు, ఒక మడత మంచం, ఒక రుబ్బురోలు. కాన్పుకు రుబ్బురోలు ఎందుకా అనుకునేంతలో అవతలి డోరు తెరుచుకుని వియ్యపురాలు దిగింది.

"మీరూ వచ్చినారే వదినా" అంది మా ఇంటావిడ.

"రాకేం చేస్తానండీ. అది మా ఇంటి మీదే పడుతోందని మీరే చెప్పారు కదండీ. అక్కడెలా ఉండనండీ ఇంక? పిల్ల దగ్గరే ఉంటాను. పురుడయ్యేదాకా."

"మరి అన్నయ్యగారు?"

"ఆయనకేం కాదండీ. ఆయన టీవీ ముందు నుంచి కదలరు."

మా ఇంటావిడ నా వైపు తిరిగింది. ఏదైనా చెప్పమని, ఆ 'కానీ' ఇప్పుడు చెప్పమని ఆ చూపు. చెప్పాను. నడిరోడ్డు మీద, చేతిలో మడత మంచంతో, దూరం పెరిగే కొద్దీ ఎలా తగ్గిపోతుందో, ఆ ఇంటికి నిజంగా ఎందుకు ఏమీ కాదో, మొత్తం వివరంగా చెప్పాను. వియ్యపురాలు చివరిదాకా శ్రద్ధగా విన్నది.

"మొన్న లోపలే అన్నావు కదా బాబూ. ఇవాళ మాట మారుస్తున్నావేంటి? వదినగారు చెప్పమన్నారా?"

పై గదిలో మంచం పక్కన మడత మంచం వేశాం. వంటింట్లో మిక్సీ పక్కన రుబ్బురోలు పెట్టాం. మా ఇంటావిడ వాము వేయించడం మొదలుపెట్టగానే వియ్యపురాలు వెనక నిలబడి, "మీవైపు ఇంత మాడ్చి పెడతారాండీ?" అంది. ఇంకాసేపటికి ఉప్పు సంగతి వచ్చింది. కూతురు హాల్లో కాళ్ళు చాపుకుని కూర్చుని, వంటింటి మాటలు వింటూ, నాకు మాత్రమే కనిపించేలా కళ్ళు మూసుకుంది.

"అక్కా, ఇంతకూ పురుడు మీ ముగ్గురిలో ఎవరికి?" అన్నాను.

ఆమె నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుంది. వెంటనే వంటింట్లోంచి ఇద్దరూ గరిటెలతో పరిగెత్తుకొచ్చారు. నిండు మనిషిని అలా నవ్విస్తారా, బుద్ధుందా, ఇంత చదువు చదివి ఏం లాభం, అని ఒకరు రాయలసీమలో, ఒకరు గోదావరిలో, ఎక్కడా తేడా రాకుండా ఒకేసారి తిట్టారు. సార్ ఉంటే, ఇంత బాగా కలిసిందేమిటని తప్పకుండా అడిగేవారు.